కారన్‌వాలీస్ ఓడిన చోటికి నాన్నతో మూడు రోజులు

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు బందరు చుట్టుపక్కల హైస్కూళ్ళలో సోషల్ చెప్పారు. ఏ ఏడాది ఏ క్లాసు ఇచ్చినా గవర్నర్ జనరల్ కారన్‌వాలీస్ పాఠం మాత్రం ఆయనకి తప్పేది కాదు. 1793, శాశ్వత శిస్తు నిర్ణయం, జమీందార్లు, శిస్తు కట్టలేని వాళ్ళ ఎస్టేట్ల వేలాలు. పరీక్షల ముందు మా ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లలు అవే ముక్కలు వల్లె వేస్తుంటే వింటూ పెరిగాను.

ఈ సెప్టెంబరులో అమ్మా నాన్నా మా దగ్గరికి వర్జీనియా వచ్చారు. నయాగరా చూద్దామా, న్యూయార్క్ వెళ్దామా అని అడుగుతుంటే నాన్న, "యార్క్‌టౌన్ ఇక్కడికి ఎంత దూరం తల్లీ?" అన్నారు. మూడు గంటల దారి అన్నాను. "ఇన్నేళ్ళూ ఆ మనిషి గెలిచిన కథే చెప్పాను. ఓడిపోయిన చోటు ఒకసారి చూడాలి" అన్నారు.

మా అబ్బాయి నాలుగో క్లాసు చదువుతున్నాడు. ఇక్కడి బడుల్లో ఆ క్లాసుకి వర్జీనియా చరిత్ర ప్రత్యేకంగా ఉంటుంది. జేమ్స్‌టౌన్, పోకహాంటస్, యార్క్‌టౌన్ అన్నీ వాడి పుస్తకంలో ఉన్నాయి. కారన్‌వాలీస్ పేరు వాడికీ తెలుసు. 1781లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో లొంగిపోవడంతో వాడి పుస్తకంలో ఆ కథ అయిపోతుంది. తాతయ్య పుస్తకంలో అది 1786లో మొదలవుతుంది. అక్టోబరులో వచ్చిన మూడు రోజుల సెలవుకి నలుగురం కారెక్కాం.

మేం వెళ్ళింది కలోనియల్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌కి. 1930లో ఏర్పాటు చేశారు. పార్క్ అంటే ఒకచోట గేటు, చుట్టూ కంచె ఉంటాయనుకుంటాం. ఇది అలా ఉండదు. ఒక కొసన జేమ్స్ నది ఒడ్డున, అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు మొదట నిలదొక్కుకున్న ఊరు జేమ్స్‌టౌన్. ఇంకో కొసన యార్క్ నది ఒడ్డున, వాళ్ళ సైన్యం ఆయుధాలు దించేసిన యార్క్‌టౌన్. రెంటినీ కలుపుతూ 23 మైళ్ళ రోడ్డు, కలోనియల్ పార్క్‌వే. 1607 నుంచి 1781 దాకా, 174 ఏళ్ళ చరిత్ర ఆ రోడ్డు రెండు చివర్లకీ మధ్య ఉంది.

మొదటి రోజు, శనివారం: జేమ్స్‌టౌన్

తెల్లవారుజామున పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. తొంభై ఐదో నంబరు హైవే మీద ట్రాఫిక్ ఉంటుందని టెన్షన్ పడ్డాను కానీ పదింటికల్లా జేమ్స్‌టౌన్ చేరాం. విజిటర్ సెంటర్ నుంచి ద్వీపంలోకి వెళ్ళాలంటే చిత్తడి నేల మీద కట్టిన పొడవాటి కాలిబాట వంతెన దాటాలి. కింద నల్లటి బురద, రెల్లు, తాబేళ్ళు. అమ్మ వంతెన మధ్యలో ఆగి గాలి పీల్చి, "ఇది మన చిలకలపూడి వైపు వాసన" అంది. నిజంగానే ఉప్పు, బురద కలిసిన వాసన. ఇది సముద్రపు పోటు ఎగదన్నే నది మరి.

1607 మే నెలలో సుసాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ అనే మూడు ఓడలు ఇక్కడ ఒడ్డుకి వచ్చాయి. దిగినవాళ్ళు 104 మంది మగవాళ్ళు, కుర్రాళ్ళు. వాళ్ళని పంపింది రాజు కాదు, వర్జీనియా కంపెనీ. లండన్‌లో వాటాదారులు డబ్బు పెట్టి, లాభం కోసం పంపిన మనుషులు. నాన్న ఈ మాట దగ్గర ఆగారు. "ఇక్కడ 1607. బందరులో ఇంగ్లీషువాళ్ళు కొట్టు పెట్టింది 1611. నాలుగేళ్ళే తేడా. అక్కడా కంపెనీయే, ఇక్కడా కంపెనీయే" అన్నారు. ఆ మూడు ఓడలనీ నడిపించుకొచ్చిన క్రిస్టఫర్ న్యూపోర్ట్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు, 1617లో జావా ద్వీపంలో బాంటమ్ దగ్గర చనిపోయాడు. ఒకే మనిషి ఒక జీవితంలో రెండు కంపెనీల ఓడలూ నడిపాడు. మనం రెండు పాఠాలుగా చదువుకున్నది వాళ్ళకి ఒకటే వ్యాపారం.

జేమ్స్‌టౌన్ కోట మూడు మూలల కోట. నదిలో కోసుకుపోయిందని చాలాకాలం అందరూ నమ్మారు. 1893లో ఒక సంరక్షణ సంఘం ఇక్కడ 22 ఎకరాలకు పైగా భూమి సంపాదించి కాపాడుతూ వచ్చింది. 1994లో విలియం కెల్సో అనే పురావస్తు శాస్త్రవేత్త పార పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాక తేలిందేమిటంటే, కోటలో ఒక మూల తప్ప మిగిలినదంతా నేల కిందే ఉంది. కోట ఉంది అంటే రాళ్ళు, గోడలు ఉన్నాయని కాదు. అది దడి కోట. పక్కపక్కనే గుంజలు పాతి కట్టింది. కర్ర కుళ్ళిపోయింది, గుంజ పాతిన గుంత మాత్రం మట్టిలో నల్లటి మచ్చగా మిగిలింది. ఆ మచ్చల వరస పట్టుకుని కోట ఆకారం గీశారు. ఇప్పుడు అదే గుంతల వరస మీద మళ్ళీ కర్ర దడి కట్టి చూపిస్తున్నారు.

నాన్న ఆ దడి పక్కనే ఒంగి, చాలాసేపు నేల చూశారు. మేం వెళ్ళిన రోజు కూడా ఒక గుంత దగ్గర ఇద్దరు అమ్మాయిలు మోకాళ్ళ మీద కూర్చుని తాపీలాంటి చిన్న పనిముట్టుతో మట్టి గీస్తున్నారు. గీసిన మట్టిని జల్లెడ పడుతున్నారు. మా వాడు అడిగితే ఒకమ్మాయి అరచేతిలో మట్టిగొట్టం ముక్క చూపించింది. పొగాకు పీల్చే గొట్టం అది. ఇక్కడ ఇప్పటిదాకా చిన్నా పెద్దా పాత వస్తువులు ముప్పై లక్షలకు పైగా దొరికాయట.

కోట లోపల బావి చూసి అమ్మ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. అమ్మకి బందరు బావుల సంగతి తెలుసు. ఎండాకాలం నీళ్ళు ఉప్పెక్కితే మంచినీళ్ళ బిందె కోసం ఎంత దూరం నడవాలో తెలుసు. ఇక్కడ జరిగిందీ అదే. వేసవిలో నదికి పైనుంచి నీళ్ళు తగ్గితే సముద్రపు ఉప్పు లోపలికి ఎక్కుతుంది. పాత చెట్ల వలయాలు లెక్కపెట్టి చూస్తే, 1606 నుంచి 1612 దాకా ఇక్కడ పడిన కరువు అంతకుముందు కొన్ని వందల ఏళ్ళలో లేనంత కరువు. వచ్చినవాళ్ళలో సేద్యం తెలిసినవాళ్ళు తక్కువ. తిండి కోసం ఇక్కడి మూలవాసులైన పౌహాటన్ జనం మీద ఆధారపడ్డారు, ఇవ్వకపోతే లాక్కున్నారు. చివరికి పౌహాటన్లు కోటని చుట్టుముట్టి బయటికి రానివ్వలేదు. 1609 చలికాలంలో కోటలో దాదాపు 300 మంది ఉంటే వసంతానికి మిగిలింది 60 మంది.

ఆ చలికాలపు గుర్తు మ్యూజియంలో ఉంది. 2012లో ఒక నేలమాళిగ చెత్తలో, తిని పారేసిన గుర్రాల, కుక్కల ఎముకల మధ్య ఒక ఆడపిల్ల పుర్రె, దవడ దొరికాయి. వయసు పద్నాలుగు. పుర్రె మీద కత్తి గాట్లు ఉన్నాయి. చనిపోయాక ఆకలితో మిగిలినవాళ్ళు ఆమెని తిన్నారని శాస్త్రవేత్తలు తేల్చారు. అసలు పేరు దొరకలేదు కాబట్టి జేన్ అని పిలుస్తున్నారు. ఎముకల ఆధారంతో ఆమె ముఖాన్ని తయారుచేసి పెట్టారు. పల్చటి ముఖం, తలకి గుడ్డ. మా అబ్బాయి కంటే ఐదేళ్ళు పెద్దది. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాలా వద్దా అని తటపటాయించాను. నాన్న వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. బయటికి వచ్చాక వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ అమ్మాయి ఎందుకు వచ్చింది తాతయ్యా ఇక్కడికి?" అన్నాడు. "ఎవరో తీసుకొచ్చారు నాన్నా" అన్నారు. అంతకంటే సరైన జవాబు నాకూ తోచలేదు.

ఎవరో తీసుకొచ్చినవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు. 1619 జూలై 30న ఇక్కడి చర్చిలో 22 మంది ప్రతినిధులు కూర్చుని చట్టసభ జరిపారు. అమెరికాలో ఎన్నికైన సభ అంటే అదే మొదలు. ఇది మా అబ్బాయి పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉంది. అది జరిగిన కొన్ని వారాలకే, ఆగస్టు చివర్లో, హాంప్టన్ దగ్గర పాయింట్ కంఫర్ట్‌లో ఒక ఓడ "ఇరవై చిల్లర" ఆఫ్రికన్లను దింపి తిండి సరుకులు తీసుకుంది. ఆ వెనకే ట్రెజరర్ అనే ఇంకో ఓడ వచ్చింది. ట్రెజరర్ మీద అంగోలా నుంచి వచ్చిన ఏంజెలా అనే ఆవిడ పేరు 1624 జనాభా లెక్కలో, కెప్టెన్ విలియం పియర్స్ ఇంట్లో కనబడుతుంది. పియర్స్ ఇంటి స్థలాన్ని 2017 నుంచి తవ్వారు. నదికి దగ్గరగా గడ్డి, ఒక బోర్డు. ఏంజెలా గురించి కాగితం మీద ఉన్నది రెండు ముక్కలే. అయినా మ్యూజియం అద్దాల వెనక ఉన్న వెండి సామాన్ల కంటే ఆ గడ్డి దగ్గరే నేను ఎక్కువసేపు ఉన్నాను.

నాన్నని ఆపిన పేరు వేరే. 1635లో జార్జ్ మెనెఫీ అనే వర్తకుడు తన ఖర్చుతో తెచ్చిన మనుషుల లెక్క చూపించి భూమి పొందాడు. తలకి 50 ఎకరాలు ఇక్కడి పద్ధతి. ఆ జాబితాలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒక పేరు ఉంది. వర్జీనియాలో రాతపూర్వకంగా కనబడే తొలి భారతీయుల్లో ఒకడు. ఏ ఊరు, ఏ భాష, అసలు పేరేమిటి అన్నది ఆ కాగితంలో లేదు. 50 ఎకరాలకి సరిపడా ఒక తల అని మాత్రమే ఉంది. ఇది నేను ఇంటి దగ్గర చదివి ఉంచుకున్న సంగతి. పులిహోర తింటూ చెప్పాను. నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మన రేవుల నుంచి అయినా అయ్యుండొచ్చు" అని మాత్రం అన్నారు.

పౌహాటన్ నాయకుడి కూతురు పోకహాంటస్ విగ్రహం దగ్గర ఫొటోలకి జనం వరసలో ఉన్నారు. చేతులు పట్టుకుని దిగీ దిగీ ఆ కంచు చేతులు మెరిసిపోతున్నాయి. ఆమె 1614లో జాన్ రోల్ఫ్ అనే ఇంగ్లీషువాణ్ణి పెళ్ళాడింది ఈ కోటలోని పాత చర్చిలోనేనంటారు. మూడేళ్ళకి ఇంగ్లండ్‌లో గ్రేవ్‌సెండ్ దగ్గర చనిపోయింది. వయసు ఇరవై ఒకటి దాకా ఉంటుంది. ఆ రోల్ఫ్ వేసిన పొగాకే ఈ కాలనీని నిలబెట్టింది, ఆ పొగాకు పనికే మనుషుల్ని ఓడల్లో తెచ్చారు. పౌహాటన్ల వారసులు ఇప్పటికీ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. పామంకీ, మాటపొనై తెగలకి పదిహేడో శతాబ్దం నాటి ఒప్పందాల ప్రకారం సొంత భూములున్నాయి. ఏటా థ్యాంక్స్‌గివింగ్ ముందు వాళ్ళు గవర్నర్‌కి జింకని కానుకగా తీసుకెళ్తారు. శిస్తుకి బదులు కానుక అన్న పాత ఒడంబడికని వాళ్ళు ఒక్క ఏడాదీ తప్పకుండా గుర్తు చేస్తున్నారన్నమాట.

సాయంత్రం ద్వీపం చుట్టూ ఉన్న రోడ్డులో కారు నడిపాను. పోటు వేళ కొన్నిచోట్ల నీళ్ళు రోడ్డు అంచుదాకా వచ్చేస్తున్నాయి. సముద్రమట్టం పెరిగి ఈ ద్వీపం మునిగిపోయే ప్రమాదంలో ఉందని 2022లో దేశంలోని అంతరించిపోతున్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. కోటని మట్టిలోంచి బయటికి తీసేలోగా నీళ్ళు వస్తాయేమోనని తవ్వేవాళ్ళ తొందర. నాన్న బందరు కోట గురించి చెప్పడం మొదలుపెట్టారు. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన అక్షరాలు, కోటలో కూలిన గోడలు, 1864 ఉప్పెనలో పోయిన ముప్పై వేల ప్రాణాలు. "మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి చూపించినప్పుడు ముళ్ళకంప తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ఒక గుంజ గుంతకి బోర్డు పెట్టారు" అన్నారు. ఆయన గొంతులో అసూయ లేదు. ఇలా కూడా చెయ్యొచ్చని కళ్ళారా చూసిన మనిషి గొంతు అది.

రెండో రోజు, ఆదివారం: పార్క్‌వే, విలియమ్స్‌బర్గ్

పొద్దున్న వాన. కలోనియల్ పార్క్‌వే మీద నెమ్మదిగా బయల్దేరాం. ఈ రోడ్డుని 1931లో మొదలుపెట్టి 1957కి పూర్తిచేశారు. గులకరాళ్ళు తేలిన కాంక్రీటు, మధ్యలో గీతలు లేవు, లారీలు రానివ్వరు, ఎక్కడా హోర్డింగు కనబడదు. చాలా వంతెనలకి బయటివైపు ఇటుక పేర్చారు. రెండు వైపులా చెట్లు రంగు మారుతున్నాయి. టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడుకి అమ్మ నిద్రపోయింది.

విలియమ్స్‌బర్గ్ పార్క్ కిందికి రాదు, అది వేరే సంస్థ నడిపే ఊరు. 1699లో రాజధాని జేమ్స్‌టౌన్ నుంచి ఇక్కడికి మారింది. మేం వాన వల్ల ఎక్కువ తిరగలేదు. రెండు సంగతులు మాత్రం చెప్పాలి. గవర్నర్ భవనం వెనక తోటలో, యార్క్‌టౌన్ యుద్ధంలో గాయపడి ఇక్కడికి తెచ్చాక చనిపోయిన 150 మందికి పైగా సైనికుల సమాధులున్నాయి. భవనాన్ని అప్పుడు ఆస్పత్రి చేశారు, ఆ ఏడాది డిసెంబరులోనే అది కాలిపోయింది. రెండోది, మ్యూజియంలో చూసిన ఒక అద్దకం గుడ్డ. పద్దెనిమిదో శతాబ్దంలో ఇండియా నుంచి ఓడలెక్కి సంపన్నుల మంచాల మీదికి చేరిన రకం. నడుమ పూలచెట్టు, చుట్టూ తీగల అంచు. అమ్మ కట్టుకున్నది పెడన కలంకారీ చీర. అద్దం ముందు నిలబడి కొంగు పట్టుకుని రెంటినీ పక్కపక్కన చూసుకుంది. ఆ ఎరుపు ఒకటే ఎరుపు.

సాయంత్రానికి వాన తగ్గింది. యార్క్‌టౌన్ చేరి నది ఒడ్డున నడిచాం. 1691లో పొగాకు రేవుగా మొదలైన చిన్న ఊరు ఇది. ఒడ్డు మీద గుట్ట, గుట్ట మీద పాత ఇటుక ఇళ్ళు, అవతల గ్లౌస్టర్ పాయింట్ దీపాలు. నాన్న ఆ దీపాల వైపే చూస్తూ, "అక్కడికే కదూ తప్పించుకుపోదామనుకున్నాడు" అన్నారు.

మూడో రోజు, సోమవారం: యుద్ధభూమి

పొద్దున్నే ఎండ వచ్చింది. యుద్ధభూమిలో కారులో తిరగడానికి రెండు దారులున్నాయి. ఎర్ర బాణాల వెంట వెళ్తే ముట్టడి జరిగిన చోట్లు, పసుపు బాణాల వెంట వెళ్తే సైన్యాలు దిగిన విడిదులు. మేం ఎర్రవే పట్టుకున్నాం.

ముట్టడి కథ నాన్న నోట విన్నాను, అలాగే రాస్తాను. 1781 వేసవి చివర్లో కారన్‌వాలీస్ ఏడెనిమిది వేల మందితో యార్క్‌టౌన్‌లో మకాం వేశాడు. లోతైన రేవు, ఇంగ్లీషు ఓడలు ఎప్పుడైనా వచ్చి ఆదుకుంటాయని ధైర్యం. కానీ సెప్టెంబరు 5న చెసపీక్ అఖాతం ముఖద్వారం దగ్గర ఫ్రెంచి నౌకాదళం ఇంగ్లీషు నౌకాదళాన్ని వెనక్కి పంపేసింది. ఆ సముద్రపోరు ఈ ఒడ్డుకి కనబడలేదు కానీ యుద్ధం నిజానికి అక్కడే తేలిపోయింది. వెనక నది మూసుకుపోయింది. ముందు నుంచి అమెరికన్ సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబో కలిసి దాదాపు 17 వేల మందితో వచ్చారు. అందులో సగం దాకా ఫ్రెంచివాళ్ళే. సెప్టెంబరు 28న ముట్టడి మొదలైంది.

ముట్టడి అంటే కత్తులు దూసి పరిగెత్తడం అనుకున్నాడు మా వాడు. ఇక్కడ జరిగింది ఎక్కువగా మట్టి పని. అక్టోబరు 6 రాత్రి వానలో, చీకట్లో, శత్రువు మట్టికట్టలకి సమాంతరంగా పొడవాటి కందకం తవ్వారు. తెల్లారేసరికి మనుషులు దాక్కునేంత లోతు వచ్చింది. 9న ఫిరంగులు మొదలయ్యాయి. 11 రాత్రి ఇంకా దగ్గరగా రెండో కందకం మొదలుపెట్టారు. అది నదిదాకా సాగాలంటే దారిలో రెండు ఇంగ్లీషు మట్టి బురుజులు అడ్డం. వాటి నంబర్లు 9, 10.

ఆ బురుజులు ఇప్పుడు పచ్చగడ్డి కప్పిన చిన్న దిబ్బలు. ఇంత చిన్నవా అనిపిస్తుంది. చుట్టూ చెక్కిన కర్రలు బయటికి పొడుచుకు వచ్చినట్టు మళ్ళీ పాతారు. అక్టోబరు 14 రాత్రి పదో నంబరు మీదికి అలెగ్జాండర్ హామిల్టన్ నడిపిన అమెరికన్లు 400 మంది, తొమ్మిదో నంబరు మీదికి ఫ్రెంచివాళ్ళు 400 మంది వెళ్ళారు. చప్పుడు కాకూడదని అమెరికన్లు తుపాకులు నింపకుండా బాయ్‌నెట్లతోనే వెళ్ళారు. పదో నంబరు పది నిమిషాల్లో పట్టుబడింది. వెళ్ళినవాళ్ళలో రోడ్ ఐలండ్ దళానికి చెందిన నల్లజాతి సైనికులు కూడా ఉన్నారు. పదో నంబరు బురుజులో కొంత భాగం ఇప్పుడు లేదు, యార్క్ నది కోసేసింది. మా వాడు కర్రల సందున దూరి పైకెక్కబోతే గడ్డి మీద నడవొద్దన్న బోర్డు చూపించి ఆపాను. ఈ మట్టికట్టల్లో చాలావరకు యుద్ధం అయ్యాక చదును చేసేశారు. 1930లలో నిరుద్యోగ యువకులకి పని కల్పించే ప్రభుత్వ పథకం కింద తవ్వి, పాత కందకాల ఆనవాళ్ళు పట్టుకుని మళ్ళీ కట్టారు. కట్టినవాళ్ళలో చాలామంది నల్లజాతి కుర్రాళ్ళు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటలేను. ఇంగ్లీషువాళ్ళ వైపు వస్తే స్వేచ్ఛ దొరుకుతుందన్న ఆశతో వర్జీనియా పొగాకు తోటల నుంచి వేల మంది బానిసలు పారిపోయి కారన్‌వాలీస్ సైన్యం వెంట నడిచారు. ఇక్కడి ఇంగ్లీషు మట్టికట్టలు తవ్విన చేతుల్లో వాళ్ళవీ ఉన్నాయి. ముట్టడిలో తిండి తగ్గింది, మశూచి పాకింది. అప్పుడు కారన్‌వాలీస్ వాళ్ళని బయటికి వెళ్ళగొట్టించాడు. రెండు సైన్యాల మధ్య ఈ అడవిలో ఆకలితో, మశూచితో వాళ్ళు రాలిపోయారు. చెట్ల కింద శవాలు చూశామని అవతలి సైనికులు డైరీల్లో రాసుకున్నారు. బతికినవాళ్ళని లొంగుబాటు ఒప్పందంలోని నాలుగో షరతు పట్టుకుని యజమానులు వెనక్కి తీసుకుపోయారు. స్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధంలో గెలిచినవాళ్ళ చేతికీ, ఓడినవాళ్ళ చేతికీ చిక్కినవాళ్ళు వీళ్ళే. అమెరికన్ల వైపు పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్‌కి గూఢచారిగా పనిచేసిన జేమ్స్ అనే బానిసకి కూడా స్వేచ్ఛ వెంటనే రాలేదు. 1787లో వర్జీనియా శాసనసభ ఇచ్చేదాకా ఆగాడు. ఆ తర్వాత లఫాయెత్ పేరే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు.

అడవి పక్క దారిలో కారు ఆపాను. అమ్మ దిగి చెట్లకేసి చూస్తూ నిలబడింది. పిట్టలు, ఎండుటాకుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అమ్మ చేతులు జోడించి దణ్ణం పెట్టింది. ఆ మూడు రోజుల్లో అమ్మ దణ్ణం పెట్టింది అక్కడొక్కచోటే.

అక్టోబరు 16 రాత్రి కారన్‌వాలీస్ పడవల్లో గ్లౌస్టర్ పాయింట్‌కి దాటబోయాడు. గాలివాన పడవల్ని చెదరగొట్టింది. 17 పొద్దున మట్టికట్ట మీదికి ఒక కుర్రాడు డోలు వాయిస్తూ ఎక్కాడు, వెనకే ఒక అధికారి తెల్లగుడ్డ ఊపాడు. మర్నాడు మూర్ హౌస్ అనే తెల్లటి చెక్క ఇంట్లో షరతులు రాసుకున్నారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, మేం బయటి నుంచే చూశాం.

చివరిగా లొంగుబాటు మైదానం. పెద్ద గడ్డి మైదానం, చుట్టూ చెట్లు, అక్కడ పట్టుబడిన ఫిరంగులు కొన్ని. అక్టోబరు 19 మధ్యాహ్నం ఒక పక్క ఫ్రెంచివాళ్ళు, ఒక పక్క అమెరికన్లు బారులు తీరితే మధ్యలోంచి వేల మంది ఇంగ్లీషు సైనికులు నడిచి వచ్చి ఇక్కడ తుపాకులు పడేశారు. కారన్‌వాలీస్ రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేసి, ఓహారా అనే అధికారిని పంపాడు. వాషింగ్టన్ అతన్ని తన కింది అధికారి బెంజమిన్ లింకన్ దగ్గరికి వెళ్ళమన్నాడు. అంతకుముందు ఏడాది చార్ల్స్‌టన్‌లో ఇంగ్లీషువాళ్ళకి లొంగిపోయింది ఆ లింకనే.

నాన్న మైదానం అంచున బెంచీ మీద కూర్చున్నారు. మా వాడు పక్కన చేరి, "తర్వాత ఆయన ఏమయ్యాడు తాతయ్యా? జైల్లో పెట్టారా?" అన్నాడు. నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పిన పాఠం, ఈసారి మొదటి సగంతో కలిపి చెప్పారు.

"లేదు నాన్నా. అయిదేళ్ళకి గవర్నర్ జనరల్ చేసి మన దేశం పంపారు. ఇక్కడ ముట్టడి జరుగుతున్నప్పుడు అక్కడ మన వైపు హైదర్ అలీ అదే ఇంగ్లీషువాళ్ళతో పోరాడుతున్నాడు. మరుసటి ఏడాది చిత్తూరు దగ్గర చనిపోయాడు. అమెరికన్లు 1782లో ఒక యుద్ధనౌకకి అతని పేరే పెట్టుకున్నారు, తెలుసా? అతని కొడుకు టిప్పు మీదికి ఈ కారన్‌వాలీస్ వెళ్ళాడు. శ్రీరంగపట్నం ముట్టడించాడు. ఇక్కడ తన మీద జరిగిందే అక్కడ తను చేశాడు. 1792లో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. డబ్బు కట్టేదాకా హామీగా ఇద్దరు కొడుకుల్ని పంపాడు. మీ ఈడు పిల్లలు. ఇక్కడ లొంగుబాటుకి బయటికి రాని మనిషి, ఆ పిల్లల్ని మాత్రం దగ్గరుండి చెయ్యి పట్టుకుని తీసుకున్నాడు. ఆ బొమ్మ చెక్కిన విగ్రహం మద్రాసు కోటలో ఉంది, నేను చూశాను."

అమ్మ వాళ్ళది కడప. నాన్న అమ్మ వైపు తిరిగి, "మీ కడప చేతులు మారింది కూడా ఆ ఒప్పందంతోనే" అన్నారు. 1792లో కడప ప్రాంతం టిప్పు నుంచి నిజాముకి పోయింది. 1800లో నిజాము దాన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలు అని మనం చదువుకున్నది అదే. బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు 1802లో ఉత్తర సర్కార్లకి వచ్చింది. యార్క్‌టౌన్‌లో ఓడిన మనిషి రాసిన నిబంధన మా ముత్తాతల ఊళ్ళో శిస్తు ఎవరు వసూలు చెయ్యాలో నిర్ణయించింది. 1805లో అతను రెండోసారి మన దేశం వచ్చి గంగ ఒడ్డున ఘాజీపూర్‌లో పోయాడు. సమాధి అక్కడే ఉంది.

మా వాడు నా ఫోన్‌లో ఘాజీపూర్ వెతికాడు. తర్వాత యార్క్‌టౌన్ నుంచి అక్కడికి వేలితో గీత గీశాడు. స్క్రీన్ చిన్నది, ప్రపంచమంతా ఒక్కసారి పట్టలేదు, వేలితో జరుపుకుంటూ జరుపుకుంటూ వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో రిచ్‌మండ్ దాటేసరికి చీకటి పడింది. వెనక సీట్లో వాడు నిద్రపోయాడనుకున్నాం. ఉన్నట్టుండి, "తాతయ్యా, బందరు కోటలో కూడా గుంజ గుంతలు ఉంటాయా?" అన్నాడు.

నాన్న కాసేపు ఆగి, "మట్టి కింద చాలా ఉంటాయి నాన్నా" అన్నారు. తర్వాత నాతో, "డిసెంబరు సెలవులకి టికెట్లు చూడు తల్లీ. వీణ్ణి తీసుకెళ్తాను. ముళ్ళకంప ఉంటుంది, మంచి బూట్లు వేసుకోవాలి" అన్నారు.